సైన్స్ ఫిక్షన్ ఆర్పీజీలో చేతి కామ్‌లకు రూల్స్ రాసుకోవడం ఎలా

ఆర్పీజీ అంటే ప్లేయర్లు ఒక్కొక్కరూ ఒక పాత్ర వేసుకుని, కథ నడిపే గేమ్ మాస్టర్‌తో కలిసి టేబుల్ చుట్టూ ఆడే ఆట. నేను గేమ్ మాస్టర్‌గా నడిపిన ఒక సెషన్‌లో ప్లేయర్లు పాడుబడిన గనిలోకి దిగారు. కింద చీకట్లో ఏదో కదిలింది. ఒకమ్మాయి వెంటనే "షిప్‌కి కాల్ చేస్తాను, పైలట్‌ని రమ్మంటాను" అంది. ఆ సీన్‌లో వాళ్ళు ఒంటరిగా ఉంటేనే బాగుంటుందని నాకు అనిపించి, "సిగ్నల్ లేదు" అన్నాను. ఆమె తన నోట్స్ వెనక్కి తిప్పి చూసి, "పోయినసారి ఇంతకన్నా లోతుకి వెళ్ళాం, అప్పుడు పనిచేసింది కదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ తరవాత ఆట అయ్యేదాకా ఎవరూ కామ్ (వాకీటాకీ లాంటి చేతి రేడియో) ముట్టుకోలేదు. అవసరం పడినప్పుడు అది ఎలాగూ పనిచేయదని వాళ్ళకి అర్థమైపోయింది.

అందుకే ఈ రూల్స్. నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. కామ్ పనిచేస్తుందా లేదా అన్నది గేమ్ మాస్టర్ అప్పటికప్పుడు తేల్చే విషయం కాకూడదు, ప్లేయర్లు బయల్దేరకముందే లెక్క వేసుకోగలిగేది కావాలి. "ఆ మలుపు దాటితే మన మాట పైకి అందదు, అయినా వెళ్దామా?" అని వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటున్నప్పుడు టేబుల్ చుట్టూ పుట్టే టెన్షన్, నేను "సిగ్నల్ లేదు" అంటే ఎప్పటికీ రాదు.

కింద చెప్పేది ఏ సిస్టమ్‌కైనా అతుకుతుంది. ఆరు ముఖాల డైస్ (పాచికలు, ఒక్కటైతే డై) కొన్ని, ఎనిమిది ముఖాలది ఒకటి, నాలుగు ముఖాలది ఒకటి, చిన్న చిన్న కాగితం ముక్కలు ఉంటే చాలు.

1. మీ లోకంలో మాట ఎంత వేగంగా వెళ్తుందో తేల్చండి

రేడియో తరంగం కాంతితో సమానంగా, సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి అక్కడికి మాట చేరడానికి 1.3 సెకన్లు పడుతుంది. అంగారకుడు మనకి బాగా దగ్గరికి వచ్చినప్పుడు దాదాపు 3 నిమిషాలు, బాగా దూరంగా ఉన్నప్పుడు 22 నిమిషాలు. గురుగ్రహానికైతే అరగంట దాటుతుంది. ఇవన్నీ ఒకవైపు ప్రయాణానికే. జవాబు రావాలంటే రెట్టింపు.

మీ కథలో కాంతికన్నా వేగంగా మాట పంపే యంత్రం ఉందా? ఉంటే ఉండనివ్వండి, కానీ దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకండి. పెద్ద స్టేషన్‌లోనో, భారీ యుద్ధనౌకలోనో కదలకుండా బిగించిన యంత్రంగా పెట్టండి. జేబులోంచి తీసి పక్క నక్షత్రంతో మాట్లాడగలిగే క్యారెక్టర్‌కి దూరం అంటే ఏమిటో ఎప్పటికీ తెలియదు. సైన్స్ ఫిక్షన్ ఆటలో దూరం పోయిందంటే సగం ఆట పోయినట్టే.

సౌరకుటుంబంలోనే ఆడేవాళ్ళకి ఒక చిన్న కానుక: దాదాపు 26 నెలలకి ఒకసారి భూమికీ అంగారకుడికీ మధ్య సూర్యుడు అడ్డొస్తాడు. అప్పుడు నాసా సుమారు రెండు వారాల పాటు అక్కడి యంత్రాలకి ఆదేశాలు పంపడం ఆపేస్తుంది. క్యాలెండర్‌లో ముందే కనిపించే రెండు వారాల మౌనం! ఆ తేదీని ప్లేయర్లకి మొదటి సెషన్‌లోనే చెప్పేయండి.

2. ప్రతి కామ్‌కీ ఒక కార్డు, కార్డు మీద మూడే విషయాలు

రేంజ్, బ్యాటరీ డై, లాక్. అంతకుమించి వద్దు. బరువు, బ్రాండ్, ఫ్రీక్వెన్సీ అంటూ పది గళ్ళు పెడితే మూడో సెషన్‌కల్లా ఆ కార్డు ఎవరూ చూడరు.

రేంజ్ అంటే అడ్డం ఏమీ లేనప్పుడు మాట స్పష్టంగా అందే దూరం. నేను వాడే అంకెలు: స్పేస్ సూట్‌లో ఉండే కామ్‌కి 2 కిలోమీటర్లు, చేతి కామ్‌కి 5, వీపున మోసే సెట్‌కి 20. లాక్ అంటే మాటల్ని దాచే శక్తి, 0 నుంచి 3 దాకా. బ్యాటరీ సంగతి ఆరో మెట్టులో.

"భవిష్యత్తులో ఇంత తక్కువ రేంజేమిటి?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 1973 ఏప్రిల్ 3న మార్టిన్ కూపర్ న్యూయార్క్‌లో మొట్టమొదటి చేతి సెల్‌ఫోన్ కాల్ చేసినప్పుడు ఆ ఫోన్ బరువు కిలో దాటింది. ఇవాళ్టి ఫోన్ జేబులో పడుతోంది. అయినా చేతిలో పట్టే ఫోన్ దేశమంతా దాటుతుందంటే అది ఫోన్ బలం కాదు, దారి పొడుగునా నిలబెట్టిన టవర్లది. 1969లో చంద్రుడి మీద నడిచినవాళ్ళ సూట్ రేడియో కూడా భూమిదాకా అందలేదు. పక్కనే ఉన్న ల్యాండర్‌కి అందింది, ల్యాండర్ దాన్ని తన యాంటెన్నాతో భూమికి పంపింది.

దీన్ని నేరుగా రూల్‌గా రాసుకోండి: చేతి కామ్ దగ్గర్లో ఉన్న దేంతోనో మాత్రమే మాట్లాడుతుంది. దూరం వెళ్ళేదంతా ఆ దగ్గరున్నది చేసే పని. ఇక మీ ప్లేయర్లు ల్యాండర్‌ని కాపాడుకుంటారు, శత్రువులు టవర్‌ని కూల్చాలని చూస్తారు.

3. సిగ్నల్ గ్రేడ్: రోల్ (డైస్ వేయడం) లేదు, లెక్కే

గ్రేడ్లు నాలుగు. 3 అంటే స్పష్టం. 2 అంటే గరగర. 1 అంటే టిక్కు, అంటే మాట అందదు కానీ బటన్ నొక్కిన చప్పుడు అందుతుంది. 0 అంటే నిశ్శబ్దం.

ఎప్పుడూ 3తో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రండి. రేంజ్ దాటి దాని రెట్టింపు దూరం దాకా ఒకటి తగ్గుతుంది, నాలుగు రెట్ల దాకా రెండు, ఆపైన నిశ్శబ్దం. దూరం రెట్టింపైతే అందే సిగ్నల్ బలం నాలుగో వంతుకి పడిపోతుంది కాబట్టి ఈ మెట్లు భౌతికశాస్త్రానికి మరీ దూరం కాదు. దళసరి లోహపు గోడ ఒకటి, దుమ్ము తుఫానో రేడియేషనో ఉంటే ఒకటి, నేల కిందికి దిగితే రెండు తగ్గించండి. ఎత్తైన చోటికి ఎక్కినా, యాంటెన్నా నిలబెట్టినా ఒకటి పెరుగుతుంది, కానీ 3 దాటదు. పూర్తిగా లోహంతో మూసిన గదిలో ఉంటే లెక్కే అక్కర్లేదు, నిశ్శబ్దమే.

క్షితిజం (నేలా ఆకాశం కలిసినట్టు కనిపించే గీత) సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే గ్రహాలు ఒకదానికొకటి వేరుగా అనిపిస్తాయి. 1.8 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే భూమి మీద క్షితిజం సుమారు 4.8 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంగారకుడి మీద 3.5. చంద్రుడి మీద కేవలం 2.5. అంటే చదునైన చంద్రతలం మీద ఇద్దరు మనుషులు 5 కిలోమీటర్లు విడిపోతే వాళ్ళ మధ్య నేలే అడ్డమొస్తుంది. వాళ్ళలో ఒకరు 100 మీటర్ల గుట్ట ఎక్కితే ఆ దూరం 21 కిలోమీటర్లకి పెరుగుతుంది. మీరే లెక్క కట్టాలంటే, ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని భూమికి 3.57తో, అంగారకుడికి 2.6తో, చంద్రుడికి 1.86తో గుణించండి, కిలోమీటర్లలో వస్తుంది. ఇద్దరికీ విడివిడిగా కట్టి కలపండి. క్షితిజం దాటితే గ్రేడ్ 0, రిలే (మధ్యలో సిగ్నల్ అందుకుని ముందుకు పంపే పరికరం) ఉంటే తప్ప.

రిలేలు ప్లేయర్లకి ధారాళంగా ఇవ్వండి. నేను ఒక్కొక్కరికీ నాలుగు బటన్ రిలేలు ఇస్తాను. రిలే పెట్టిన చోట గ్రేడ్ మళ్ళీ 3 నుంచి మొదలవుతుంది. ఎక్కడ వదలాలి, తిరిగొచ్చేటప్పుడు ఏరుకోవాలా, ఎవరైనా వాటిని చూసి మన వెంట వస్తే ఎలా అన్న ఆలోచనలన్నీ వాటంతటవే వస్తాయి. సొరంగాల్లోకి వెళ్ళే గుంపుకి వైరు చుట్ట కూడా ఇవ్వండి. నిజం గనుల్లో పొడుగునా సిగ్నల్ బయటికి వదిలే ప్రత్యేకమైన కేబుల్ వేస్తారు, దాని పక్కన నడిచేవాళ్ళ రేడియోలు పనిచేస్తాయి. ఆటలో ఆ వైరు పక్కన గ్రేడ్ 3. తెగితే తెగిన చోటు నుంచి లోపలున్నవాళ్ళకి 0. సిగ్నల్ పోయిందని వెనక్కి నడుచుకుంటూ వచ్చిన గుంపుకి వైరు నున్నగా కోసి కనిపించిన ఆ ఒక్క క్షణం కోసమైనా ఈ రూల్ పెట్టుకోవాలి.

ఉపగ్రహాలకి నాది మొరటు లెక్క, కానీ ఆటకి సరిపోతుంది. తక్కువ ఎత్తులో తిరిగేది ఒక్కటే ఉంటే 90 నిమిషాలకి ఒకసారి 10 నిమిషాల పాటు అందుతుంది. గ్రహమంతా ఎప్పుడూ అందాలంటే చాలా ఉపగ్రహాలు కావాలి. భూమి చుట్టూ 780 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఇరిడియం ఉపగ్రహ ఫోన్ వ్యవస్థకి 66 కావాల్సి వచ్చింది. కొత్తగా చేరిన గ్రహం మీద అన్ని ఉంటాయా, ఉంటే ఎవరు పెట్టారు అన్నది మీరే తేల్చుకోండి.

రోల్ ఎప్పుడంటే, ప్లేయర్ గ్రేడ్‌ని బలవంతంగా పెంచాలనుకున్నప్పుడే. రెండు ఆరు ముఖాల డైస్ వేసి, క్యారెక్టర్ నైపుణ్యం అంకె కలిపి, 8 గానీ ఆపైన గానీ రావాలి. వస్తే ఒక్క సందేశానికి గ్రేడ్ ఒకటి పెరుగుతుంది. రాకపోతే వెంటనే బ్యాటరీ డై వేయాలి, జాడ (మీరు శత్రువుకి ఎంత దొరికిపోతున్నారో చెప్పే అంకె, ఏడో మెట్టులో చూడండి) ఒకటి పెరుగుతుంది. నైపుణ్యం లేనివాళ్ళకి గెలిచే అవకాశం 42 శాతం, +2 ఉన్నవాళ్ళకి 72. రేడియో ఆపరేటర్‌గా క్యారెక్టర్ తయారుచేసుకున్న ప్లేయర్‌కి తన ఎంపిక విలువ ఇక్కడ చేతికి తెలుస్తుంది.

4. గరగర: మాట మాటకీ ఒక డై

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన రూల్. కాబట్టి నిదానంగా చెప్తాను.

గ్రేడ్ 2 ఉన్నప్పుడు పంపేవాళ్ళు సందేశాన్ని కాగితం మీద రాయాలి, ఎనిమిది మాటలకి మించకుండా. రాశాక ఒక్కో మాటకీ ఒక ఆరు ముఖాల డై వేయండి. 1 గానీ 2 గానీ పడితే ఆ మాట కొట్టేయండి. మిగిలింది మాత్రమే అవతలివాళ్ళకి చదివి వినిపించండి, కొట్టేసిన చోట "గర్ర్" అనండి.

ఒక సెషన్‌లో పైడెక్‌లో ఉన్న ప్లేయర్ ఇలా రాశాడు: "ఉత్తరం వైపు తలుపు తెరవకండి, అవతల గాలి లేదు". ఏడు మాటలు. డైస్ వరసగా 5, 3, 6, 1, 4, 6, 2 పడ్డాయి. కింద ఉన్నవాళ్ళు విన్నది: "ఉత్తరం వైపు తలుపు గర్ర్, అవతల గాలి గర్ర్". గాలి అయిపోవస్తున్న మనుషులకి ఆ మాటలు ఎలా వినిపిస్తాయో చూడండి. వాళ్ళు పరుగున ఉత్తరం తలుపు దగ్గరికి వెళ్ళారు.

తెలుగులో వాక్యానికి ప్రాణం చివర్లో ఉంటుంది. తెరవండో తెరవకండో, ఉందో లేదో, అంతా ఆఖరి మాటే చెప్తుంది. ఆ ఒక్క మాట పోతే అర్థం తిరగబడుతుంది. నాలుగైదు సందేశాలు పోగొట్టుకున్నాక మా గుంపు మాట్లాడే తీరే మారింది. "వద్దు వద్దు వద్దు ఉత్తరం తలుపు" అని పంపడం నేర్చుకున్నారు. మూడు "వద్దు"లూ పోయే అవకాశం 27లో ఒకటే. కానీ అందుకు మూడు మాటలు ఖర్చు. ఉన్న ఎనిమిదిలో దేన్ని రెండుసార్లు చెప్పాలి, దేన్ని వదిలేయాలి అని కాగితం మీద కొట్టివేతలు చేస్తూ కూర్చునే ఆ అర నిమిషం అసలు ఆట. ఎవరూ నేర్పకుండానే వాళ్ళు నిజం రేడియో ఆపరేటర్లలా మాట్లాడటం మొదలుపెట్టారు.

గ్రేడ్ 1లో టిక్కులే. బయల్దేరే ముందు కార్డు వెనక రాసుకున్న సంకేతాలకే అర్థం ఉంటుంది, మూడింటికి మించి రాయనివ్వకండి. రాసుకోకపోతే టిక్కులు వినిపిస్తాయి, అర్థం మాత్రం ఊహించుకోవాల్సిందే.

గ్రేడ్ 3లో మామూలుగా మాట్లాడుకోవచ్చు, ఒక్క షరతు మీద. టేబుల్ మీద ఒక పెన్ను పెట్టండి. విడిపోయిన గుంపుల మధ్య మాట్లాడాలంటే పెన్ను పట్టుకోవాలి, ముగించి "ఓవర్" అని పెన్ను వదలాలి. వాకీటాకీలో ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే ఇద్దరి మాటా సరిగా అందదు. పెన్ను ఆ పని చేస్తుంది.

5. ఆలస్యం: చీటీ మీద టైమ్ రాయండి

సెకన్లలో ఉండే ఆలస్యాన్ని పట్టించుకోకండి. నిమిషాల్లో ఉంటే ఆటని 10 నిమిషాల టర్న్‌లుగా విడగొట్టండి. సందేశం రాసిన చీటీ మీద అది చేరే టర్న్ నంబర్ వేసి బోర్లా పెట్టండి. ఆ టర్న్ వచ్చేదాకా ఎవరూ తిప్పకూడదు, గేమ్ మాస్టర్ కూడా.

అంగారకుడి మీద రియాక్టర్ వేడెక్కుతోంది, భూమి మీదున్న నిపుణురాలు 20 నిమిషాల దూరంలో ఉంది అనుకోండి. మూడో టర్న్‌లో ప్రశ్న పంపితే అయిదో టర్న్‌లో ఆమెకి చేరుతుంది. ఆమె వెంటనే రాసినా జవాబు ఏడో టర్న్‌లో వస్తుంది. ఈలోపు నాలుగు టర్న్‌లు గడిచాయి, ప్లేయర్లు ఒక వాల్వ్ కట్టేశారు, ఒక పంపు కాలిపోయింది. తెరిచిన చీటీలో "ముందు ఆ పంపుని ఆన్ చేయండి" అని ఉంటుంది. నిపుణురాలి పాత్రని కూడా ఒక ప్లేయర్‌కే ఇవ్వండి. ఆమె తనకి చేరిన చీటీలో ఉన్నంతే తెలుసుకుని, ఇప్పుడు అక్కడ ఏం జరుగుతూ ఉంటుందో ఊహించి రాయాలి. "ఈపాటికి పంపు పోయి ఉంటే ఇలా చేయండి" అని ముందుచూపుతో రాసిన జవాబు సరిగ్గా తగిలినప్పుడు టేబుల్ అంతా చప్పట్లు కొడుతుంది.

6. బ్యాటరీ

నిమిషాలు లెక్కపెట్టకండి. కొత్త బ్యాటరీ ఎనిమిది ముఖాల డై. కామ్ వాడిన ప్రతి సీన్ చివరా దాన్ని వేయండి. 1 గానీ 2 గానీ పడితే ఆరు ముఖాల డైకి దిగుతుంది, తరవాత నాలుగు, తరవాత ఖాళీ. సగటున తొమ్మిది సీన్లు వస్తుంది. గడ్డకట్టే చలిలో బ్యాటరీలు నీరసపడతాయి కాబట్టి అక్కడ 3 పడినా దిగుతుంది, సగటు ఆరు సీన్లకి పడిపోతుంది.

7. మాట్లాడితే దొరికిపోతారు

రేడియోలో మాట్లాడటమంటే చీకట్లో దీపం వెలిగించడమే. మీ మాట అందాల్సినవాళ్ళకే అందుతుందని లేదు. శత్రువు వింటున్న చోట, పంపిన ప్రతి సందేశానికీ జాడ ఒకటి పెరుగుతుంది. ఆ అంకె టేబుల్ మధ్యలో అందరికీ కనిపించేలా పెట్టండి. 3కి చేరితే మీరు ఏ దిక్కున ఉన్నారో శత్రువుకి తెలుస్తుంది. 6కి చేరితే చోటు తెలుస్తుంది, కానీ శత్రువుకి రెండు చోట్ల రిసీవర్లు ఉంటేనే. ఒక రిసీవర్ దిక్కు మాత్రమే చెప్పగలదు. రెండు దిక్కుల గీతలు కలిసిన చోటే మనిషి దొరుకుతాడు. కాబట్టి రెండో రిసీవర్ ఉన్న వాహనాన్ని పడగొట్టడం మంచి మిషన్ అవుతుంది.

లాక్ దీనికి మందు కాదు. లాక్ మాటల్ని దాస్తుంది, మనిషిని దాచదు. శత్రువు మాటలు విప్పాలంటే రెండు డైస్ మొత్తం 8కి మీ లాక్ అంకె కలిపినంత గానీ ఆపైన గానీ రావాలి, అంటే లాక్ 3 ఉంటే 11 రావాలి. కామ్ శత్రువు చేతికి చిక్కితే ఆ గుంపు లాక్ మొత్తం 0.

జామర్ (రేడియో మాటల్ని అడ్డుకునే యంత్రం) ఆన్ చేస్తే దాని చుట్టూ అందరికీ గ్రేడ్ రెండు తగ్గుతుంది, ఆన్ చేసినవాళ్ళకి కూడా. పైగా అదే అన్నిటికన్నా గట్టిగా అరుస్తున్న రేడియో, దాని దిక్కు కనుక్కోవడానికి రోల్ అక్కర్లేదు. వైరు మీద మాట్లాడేవాళ్ళకి జాడ పెరగదు, జామర్ తగలదు.

8. మాట అందనివాళ్ళు టేబుల్ దగ్గర ఏం చేయాలి

గుంపు విడిపోతే ఇంకో గుంపు కష్టాలు అందరూ వింటూనే ఉంటారు. "అరే, ఆ తలుపు కాదు!" అని నోటిదాకా వస్తుంది. వాళ్ళని పక్క గదిలోకి పంపే గేమ్ మాస్టర్లు ఉన్నారు. నేను పంపను. ఆడటానికి వచ్చిన మనిషిని గోడ వైపు చూస్తూ కూర్చోమనడం నాకు మనసొప్పదు. దానికి బదులు గరగర డైస్ వాళ్ళ చేతికి ఇస్తాను. వాళ్ళ స్నేహితుడి సందేశంలో ఏ మాట బతకాలో వాళ్ళ చేతిలోని డై తేలుస్తుంది. సలహా చెప్పలేరు, కానీ ప్రతి మాటకీ ఊపిరి బిగబట్టి చూస్తారు.

అపోలో 11 ప్రయాణంలో మైకేల్ కాలిన్స్ చంద్రుడి చుట్టూ తిరుగుతూ, వెనక వైపుకి వెళ్ళిన ప్రతిసారీ దాదాపు 48 నిమిషాల పాటు ఎవరి మాటా అందకుండా ఉండేవాడు. మీ ఆటలో ఒక గుంపు అలాంటి మౌనంలోంచి బయటికి వచ్చినప్పుడు, "మేం జరిగిందంతా చెప్పేశాం" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టనివ్వకండి. గ్రేడ్ ఎంతో చెప్పండి, పెన్ను టేబుల్ మధ్యలో పెట్టండి, మొదట ఎవరు అందుకుంటారో చూడండి. మా టేబుల్ దగ్గర ఆ పెన్ను అందుకున్న అమ్మాయి మిషన్ గురించి ఏమీ అడగలేదు. "అందరూ ఉన్నారా? ఓవర్" అంది.